జొన్నల విమానం

ఆదివారం పొద్దున సూరత్ ఆ కొసనున్న ఉన్ పేట నుంచి కమలాకర్ వచ్చేసరికి సుమన మిషను ముందు కూర్చుని చీరలకు లేసు కుడుతోంది. తమ్ముడు ఆదివారాలు ఈ కొసన అమ్రోలిలో ఉన్న అక్క ఇంటికి రావడం మామూలే. ఆ రోజు మాత్రం వాకిట్లో చెప్పులు విప్పడం కూడా మరిచిపోయి లోపలికి వచ్చి, ఫోను తీసి ఆమె ముఖం ముందు పెట్టాడు.

"అక్కా, జర మిషన్ ఆపు. బావ ఆడ ఏం పని చేస్తుండో నీకు ఎర్కేనా?"

"ఎర్క లేకేంది? ఎయిర్‌పోర్టు గోదాముల పని."

"గోదాము కాదు. ఇది చూడు."

వీడియో చిన్నదే. పెద్ద విమానం కడుపులో తీసింది. తోక వైపు తలుపు బార్లా తెరిచి ఉంది. దాని అవతల ఉత్త ఆకాశం. నడుములకు పట్టీలు బిగించుకున్న మనుషులు రెండు పక్కలా గోడలకు ఆనుకుని ఉన్నారు. మధ్యలో పలకల మీద పేర్చిన బస్తాలు. ఎక్కడో గంట మోగింది. ఒకతను వంగి బస్తాలకు అడ్డంగా ఉన్న బెల్టును కత్తితో కోశాడు. విమానం ముక్కు పైకి లేచింది. బస్తాలన్నీ ఒకదాని వెనక ఒకటి జారిపోయి, తలుపు దాటి, కనబడకుండా పోయాయి. బెల్టు కోసినతను ఇటు తిరిగి బొటనవేలు పైకెత్తి చూపించాడు. తలకు టోపీ, కళ్ళకు పెద్ద అద్దాలు ఉన్నాయి. అయినా ఒక పక్కకు ఒరిగే ఆ నవ్వు తన భర్త రవీంద్రదేనని సుమన వెంటనే పోల్చుకుంది.

"వాళ్ల కంపెనీల పనిచేసే కేరళ పిల్లగాడు పెట్టిండు," అన్నాడు కమలాకర్. "మా గోదాముల అందరు చూసిన్రు. మీ బావ హీరో అయిండు పో అంటున్నరు."

వంటింట్లోంచి అత్త వజ్రమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆమె వీడియో అంతా చూసి, మళ్ళీ పెట్టమంది. రెండోసారి తలుపు తెరిచే చోటికి రాగానే కళ్ళు మూసుకుంది. మామ కనకయ్యకు చెవులు సరిగా వినబడవు. చిన్నప్పుడు సిరిసిల్ల నుంచి వచ్చింది మొదలు ముసలితనం దాకా సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడులోనే బతికిన మనిషి. ఆయనకు మాటలతో పని పడలేదు, బొమ్మ చాలు.

"మనోడు ఇమానంల పనిచేస్తుండా!" అన్నాడు, ఇల్లంతా వినబడేలా. "నాకు చెప్పనేలేదు!"

"ఎవలకు చెప్పిండు?" అంది వజ్రమ్మ.

రవీంద్ర ఇథియోపియా వెళ్ళి రెండేళ్ళు కావస్తోంది. అంతకు ముందు రింగ్ రోడ్డు బట్టల మార్కెట్ దగ్గర, ఇప్పుడు కమలాకర్ చేస్తున్న ట్రాన్స్‌పోర్టు గోదాంలోనే పార్సిళ్ళు కట్టేవాడు. అక్కడి నుంచి ముంబైలో విమానాల సరుకు ఎక్కించే పనికి పోయాడు. తాళ్ళు, బెల్టులు బిగించడంలో చెయ్యి తిరిగినవాడని ఒక విదేశీ కంపెనీవాళ్ళు తీసుకున్నారు. ఇథియోపియా పక్కనున్న దక్షిణ సూడాన్‌లో యుద్ధం. రోడ్ల మీద తుపాకులు, వానాకాలం వస్తే ఆ రోడ్లూ ఉండవు. లోపలి ఊళ్ళకు తిండి చేరే దారి ఆకాశమొక్కటే. అందుకని ఆ కంపెనీ జొన్నలు, పప్పులు విమానాల్లో తీసుకుపోయి ఊరి బయటి మైదానంలో పడేసి వస్తుంది. ఈ సంగతులు రవీంద్ర ఇంట్లో చెప్పినవే. చెప్పనిది ఒక్కటే, తాను కూడా ఆ విమానంలో ఉంటానని. రోజూ ఫోను చేసి, గోదాంలో ఈరోజు ఎండ ఎక్కువగా ఉందనో, చాయ్ బాగాలేదనో చెప్పేవాడు.

సుమనకు భయం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది కోపం. తనకు తెలియని సంగతి గోదాం హమాలీలందరికీ తెలిసింది. లేని గోదాం చాయ్ గురించి ఇన్నాళ్ళూ తాను అక్కరగా అడిగింది. బయటికి వెళ్ళి ఫోను చేసింది. చాలాసేపటికి ఎత్తాడు.

"నేను వస్తున్న," అన్నాడు, ఆమె నోరు తెరవక ముందే. "టికెట్ అయింది. వచ్చినంక మాట్లాడుకుందాం."

"వీడియో చూసిన."

"ఏ వీడియో?" అన్నాడు. అతనికి ఆ సంగతే తెలియదు.

*

వచ్చిన రవీంద్ర సన్నబడలేదు, జబ్బు పడలేదు. అందరితో మాట్లాడాడు. తండ్రికి టోపీ తెచ్చాడు, తల్లికి కాఫీ గింజలు తెచ్చాడు. వాటిని ఏం చేసుకోవాలో తెలియక వజ్రమ్మ డబ్బాలో పోసి మూత పెట్టింది. విమానం సంగతి అడిగితే, "మీరు భయపడ్తరని చెప్పలే, గంతే," అన్నాడు. సెలవు ఎన్నాళ్ళని అడిగితే, "కంపెనీ వాళ్ళే ఇచ్చిన్రు" అన్నాడు తప్ప ఎన్నాళ్ళో చెప్పలేదు.

"ఇగ పోవుడు లేదు," అంది వజ్రమ్మ, మొదటి రోజు అన్నం పెడుతూనే. "నెత్తి మీద మొగులు, కింద తుపాకులు. ఈ ఊర్ల పని లేదా?"

"సరే అవ్వా."

అంత తొందరగా సరే అనేసరికి వజ్రమ్మ వడ్డించడం ఆపి కొడుకు ముఖంలోకి చూసింది. సుమన కూడా చూసింది. మొదటి నుంచీ ప్రతిదానికీ వాదులాడే మనిషి అతను.

కమలాకర్ గోదాం యజమాని సేఠ్‌తో మాట్లాడి పాత గోదాంలోనే పని చూశాడు. ఆ వారంలోనే రవీంద్ర డబ్బా కట్టించుకుని బస్సెక్కి మార్కెట్‌కు పోవడం మొదలుపెట్టాడు. పొద్దున పోయి సాయంత్రం వచ్చేవాడు. వజ్రమ్మ మాత గుళ్ళో కొబ్బరికాయ కొట్టింది. అంతా కుదుటపడినట్టే ఉంది.

ఒక మధ్యాహ్నం కమలాకర్ ఫోను చేశాడు. గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు.

"అక్కా, బావకు ఏమైంది?"

"ఏమైంది?"

"ఈడ పార్సిళ్ళు పై గ్యాలరీ నుంచి కింది టెంపోలకు ఇసిరేస్తరు గదా. బావనే నేర్పిండు నాకు ఆ పని. ఇప్పుడేమో ఒక్కొక్క పార్సిల్‌కు కిందికి దిగి పోతుండు. టెంపో ఎనుక చూస్తడు, చక్రాల కింద చూస్తడు, మళ్ళ పైకొచ్చి ఒకటి ఏస్తడు. మళ్ళ దిగుతడు. టెంపోవాడు తిడుతుండు. సేఠ్ ఏంది తమాషా అన్నడు. బావ ఏమనకుండ పార్సిల్ ఆడ పెట్టి కూసున్నడు. ఎంత పిలిచినా లేస్తలేడు."

సుమన లేసు చుట్టను అట్లాగే వదిలేసి ఆటో ఎక్కింది.

ఆమె వెళ్ళేసరికి రవీంద్ర గోదాం మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ హమాలీలు పార్సిళ్ళు మోస్తూ అతన్ని తప్పుకుని పోతున్నారు. భార్యను చూసి లేచాడు. తప్పు చేసి దొరికినవాడిలా కాదు, బస్సు కోసం ఎదురుచూసి అలిసినవాడిలా.

"పా, ఇంటికి పోదాం," అంది సుమన.

"ఇంటికి వద్దు. అవ్వ అడుగుతది."

మార్కెట్ వెనక చెరుకురసం బండి దగ్గర బల్ల మీద కూర్చున్నారు. ఎండగా ఉంది. రసం గ్లాసులు ముందుకు వచ్చాయి. గ్లాసు వైపు చూస్తూ రవీంద్రే మొదలుపెట్టాడు.

"బస్తాలకు ప్యారాచూట్ ఉండది సుమనా. నూనె డబ్బాలకు ఉంటది గాని జొన్నలకు ఉండది. బస్తాల బస్తా, బస్తాల బస్తా పెట్టి కుడుతరు. మీది బస్తా పలిగినా లోపటిది ఆగుతది. విమానం కిందికి దిగి ఎగురుతది, బెల్టు కోస్తే జారిపోతయ్. ఊరోళ్ళు దూరంగ నిలబడాలె. కింద మనోడు ఒకడుంటడు, సైమన్ అని. ఆ ఊరోడే. మైదానం ఖాళీగ ఉన్నది, ఎయ్యుండ్రి అని రేడియోల చెప్తడు. ఆయన చెప్పినంకనే గంట మోగుతది. గంట మోగినంకనే నేను కోస్తా."

"ఊ."

"అన్ని బస్తాలు ఒక్కపారి ఎయ్యరు. ఒక చక్కర్ కొట్టి సగం, ఇంకో చక్కర్ కొట్టి సగం. ఆ రోజు మొదటి సగం ఏసినం. కొన్ని పలిగినయ్. రెండో చక్కర్‌కు వచ్చినం. గంట మోగింది. కోసిన." గ్లాసును బల్ల మీద కొంచెం జరిపాడు. "బస్తాలు తలుపు దాటినంక కింద గడ్డిల నుంచి ఒక పసుపు బట్ట లేసి నిలబడ్డది."

సుమనకు వెంటనే అర్థం కాలేదు. "బట్టనా?"

"మనిషి. ఆడమనిషి. కూసోని ఉన్నదేమో, అప్పుడే లేసింది. పైకి చూసింది. బస్తాలు గాల్ల ఉన్నయ్. నేను మొత్తుకున్న. విమానంల నా పక్కనున్నోనికే ఇనబడది, ఆమెకేం ఇనబడుతది?"

రసం బండి గానుగ ఆగింది. బండివాడు చెరుకు ముక్కలు సర్దుతున్నాడు.

"చచ్చిపోయిందా?" అంది సుమన.

"కంపెనీ వాళ్ళు ఔనన్నరు. అంతకంటె ఏం చెప్పలే. నీ తప్పు లేదన్నరు. అందర్ని ఇంటికి పోయి రమ్మన్నరు. సైమన్ ఫోన్ చేస్తనే ఉన్నడు, నేను ఎత్తుతలేను. మెసేజీలు పెడుతుండు, ఇంటలేను."

"ఎందుకు?"

"ఆమె ఎవలో చెప్తడు. పేరు చెప్తడు."

సుమనకు ఇన్ని రోజులూ మనసులో ఉన్న కోపం అప్పుడు లేకుండా పోలేదు. కానీ అది ఇంకో పక్కకు జరిగింది. అతని చెయ్యి పట్టుకోవాలనిపించింది గానీ నడిబజారు. గ్లాసు అతని వైపు జరిపి, "తాగు," అంది. తాగాడు.

"మళ్ళ ఫోన్ వస్తే ఎత్తు," అంది. "ఇంట్లనే ఎత్తు. అందరి ముంగట. నువ్వొక్కనివే విని మళ్ళ మాకు ఇంకోటి చెప్తవ్."

ఆ మాట అతనికి తగిలింది. తలూపాడు.

*

సైమన్ ఫోను మర్నాటి పొద్దున వచ్చింది. వజ్రమ్మ జల్లెడ పడుతోంది. కనకయ్య గుమ్మం దగ్గర కుర్చీలో ఉన్నాడు. రాత్రే సుమన అత్తకు అంతా చెప్పింది. వజ్రమ్మ విని, ఏడుస్తుందనుకుంటే ఏడవలేదు. "పాపం, ఎవల బిడ్డనో," అని ఊరుకుంది.

రవీంద్ర ఫోను స్పీకరులో పెట్టి బల్ల మీద ఉంచాడు. సైమన్ పుణెలో మూడేళ్ళు చదువుకున్నవాడు. హిందీ సాఫీగా మాట్లాడతాడు. మామూలు కుశలాలు అడిగాడు. రవీంద్ర పొడిపొడిగా జవాబిచ్చాడు.

వజ్రమ్మ జల్లెడ పక్కన పెట్టి వచ్చింది. సూరత్‌లో యాభై ఏళ్ళుగా కూరగాయల బండ్లవాళ్ళతో, సేఠ్‌లతో మాట్లాడి మాట్లాడి ఆమె హిందీ కూడా గట్టిదే. ఫోను మీదికి వంగి అడిగింది.

"బేటా, నేను రవీంద్ర తల్లిని. చనిపోయినామె ఎవరు?"

సైమన్ ఆమెను మాజీ, అంటే అమ్మా, అని పిలుస్తూ చెప్పాడు. "ఆమె పేరు న్యాబోల్, మాజీ. మా ఊరి అవతలి గుడిసెల్లో ఉండేది. మీ వయసే ఉంటుంది."

"మైదానంలోకి ఎందుకు పోయింది?"

"మొదటిసారి వేసినప్పుడు బస్తాలు కొన్ని పగిలాయి. జొన్నలు చిందాయి. బస్తాలైతే లెక్క ప్రకారం పంచుతాం. చిందినవి మాత్రం ఎవరు ఊడ్చుకుంటే వాళ్ళవి. అందరికంటే ముందు పోదామని గడ్డిలో వంగి పోయింది. గడ్డి నడుం ఎత్తు ఉంది. కూర్చుని గింజలు ఏరుకుంటుంటే ఎవరికీ కనబడలేదు."

"నువ్వు చూడలేదా బేటా?"

రవీంద్ర చెయ్యి ఫోను వైపు పోయింది, ఆపేద్దామన్నట్టు. సుమన ఆ చెయ్యి పట్టుకుంది.

"చూశాను మాజీ," అన్నాడు సైమన్. "నాకు గడ్డే కనబడింది. ఖాళీగా ఉందని రేడియోలో చెప్పింది నేనే. రవీంద్ర భాయ్‌కి అదే చెప్పాలని ఇన్నిసార్లు ఫోను చేస్తున్నాను. వేయమన్నది నేను. అతను కోశాడు, అంతే."

"కోసింది నేనే గదా," అన్నాడు రవీంద్ర తెలుగులో, తనలో తాను అనుకుంటున్నట్టు.

"ఆమె వాళ్ళు ఏమన్నారు?" అని వజ్రమ్మ అడిగింది.

"కూతురుంది. మర్నాడు పొద్దున పూడ్చిపెట్టాం. మధ్యాహ్నం ఆ అమ్మాయే వచ్చి వరుసలో నిలబడి తన బస్తా తీసుకుపోయింది. నేను ఆమె ముఖం చూడలేకపోయాను. ఇంట్లో పిల్లలున్నారు, నేను రాకపోతే ఎవరు తెస్తారు అంది."

వజ్రమ్మ నేల మీద కూర్చుంది. కనకయ్య ఏం జరుగుతోందో తెలియక ఒక్కొక్కరి ముఖం చూస్తున్నాడు. సుమన ఆయన చెవి దగ్గరికి వంగి ముక్కలు ముక్కలుగా చెప్పింది.

"ఇప్పుడు ఏం చేస్తున్నరు మీరు?" వజ్రమ్మ ఈసారి హిందీలో తెలుగు కలిసిపోయినా గమనించుకోలేదు. సైమన్‌కు అర్థమైనట్టే ఉంది.

"ఊరంతా కలిసి గడ్డి కోశాం. రెండో చక్కర్‌కు ముందు మా వాళ్ళు మైదానం ఈ కొస నుంచి ఆ కొసకు వరుసగా నడవాలని పెట్టాం. వాళ్ళు నడిచి బయటికి వచ్చేదాకా విమానం పైనే తిరగాలి. పైలట్లు ఒప్పుకున్నారు. కానీ మాజీ, విమానమే సరిగా రావడం లేదు. రెండు విమానాలు రావలసిన చోట ఒకటి వస్తోంది. తలుపు దగ్గర నిలబడే మనుషులు చాలా మంది ఇళ్ళకు వెళ్ళిపోయారట." ఆగి, రవీంద్రను అడిగాడు. "నువ్వు వస్తావా భాయ్? రాకపోయినా నేనేం అనుకోను. ఎదురుచూడాలా వద్దా అని అడుగుతున్నా."

రవీంద్ర ఫోను చేతిలోకి తీసుకునేసరికి లైను దానంతట అదే తెగిపోయింది. అక్కడ సిగ్నల్ అంత వరకే.

*

ఆ రోజు ఇంట్లో వంట ఆలస్యమైంది. మధ్యాహ్నం నలుగురూ కింద కూర్చుని తింటున్నప్పుడు కనకయ్య హఠాత్తుగా మాట్లాడాడు.

"తాపీ వరద యాదికున్నదా?"

ఎవరికి యాదికి ఉండదు? రవీంద్ర అప్పుడు బడికి పోయే పిల్లవాడు. పైన డ్యాము గేట్లు ఎత్తారు, తెల్లారేసరికి తాపీ నది ఊళ్ళోకి వచ్చింది. వాళ్ళ ఇల్లు మునిగింది. పక్కనున్న సాంచాల కార్ఖానా మేడ మీదికి ఎక్కారు. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళంతా అక్కడే. నీళ్ళు ఎప్పుడు దిగుతాయో తెలియదు. తాగడానికి నీళ్ళు లేవు. పసిపిల్లలు ఏడ్చి ఏడ్చి ఊరుకున్నారు. అప్పుడు హెలికాప్టర్ వచ్చి తిండి పొట్లాలు వేసింది.

"మొదటిపారి ఏసినయన్ని నీళ్ళల పడ్డయ్," అన్నాడు రవీంద్ర. "గుజరాతోళ్ళ తేప్లాలు, మెంతి రొట్టెలు. తేలుకుంట పోతుంటే చూసినం."

"రెండోపారి రేకుల మీద పడ్డయ్," అంది వజ్రమ్మ. "పక్క మేడ మీద రేకు పలిగి లక్ష్మీరాజం భుజం మీద పడ్డది. ఆయనకు ఆ చెయ్యి మళ్ళ లేవనే లేదు. సాంచ నడుపుడు బందయింది. వాని హెలికాప్టర్ కూలిపోను అని అందరం తిట్టినం. నేను కూడ తిట్టిన." నీళ్ళు తాగింది. "తిట్టుకుంటనే, మళ్ళ ఎప్పుడొస్తదా అని పొద్దంత మొగులు దిక్కు చూసినం."

కనకయ్యకు ఆమె మాటలు ఎంతవరకు వినబడ్డాయో గానీ, తలూపుతూ, "అది రాకుంటే ఈడు లేడు," అని కొడుకును చూపించాడు.

"అట్లని వాన్ని పొమ్మంటవా?" వజ్రమ్మ భర్త మీద విరుచుకుపడింది. "లోకంల ఇంకెవలు లేరా? ఆ తలుపు కాడ నిలబడెతందుకు మన పిల్లగాడే దొరికిండా? మొన్న ఒక ఇమానానికి కింద నుంచి తుపాకి గుండు తగిలిందని కమలాకర్ చెప్పిండు. రవీంద్రా, నేను చెప్తున్న ఇను, నువ్వు పోవద్దు."

రవీంద్ర లేచి చేయి కడుక్కున్నాడు.

సాయంత్రం సుమన, అతను సామాను తెద్దామని బయటికి వచ్చి, అట్లాగే నడుచుకుంటూ వంతెన దాకా పోయారు. కింద తాపీ బురద రంగులో, నిండుగా పోతోంది. స్కూటర్లు, టెంపోలు వాళ్ళ వెనక నుంచి పోతుంటే వంతెన సన్నగా ఊగుతోంది.

"నిజం చెప్పు," అంది సుమన. "నీకు పోవాలనున్నదా?"

"భయమైతుంది."

"నేను అడిగింది అది కాదు."

రవీంద్ర వంతెన గోడకు ఆనుకున్నాడు. "మార్కెట్‌ల పార్సిల్ ఎయ్యలేకపోయిన. ఆడ కూడ చెయ్యి ఆడకపోతే? గంట మోగినంక నేను ఆగితే విమానం మైదానం దాటిపోతది. బస్తాలు ఊరి మీద పడ్తయ్. అది ఇంకా ఖరాబు. పోతే గట్టిగ పోవాలె, లేకపోతే పోవద్దు."

"మరి?"

"సైమన్ గడ్డి కోపిచ్చిండు," అన్నాడు రవీంద్ర. "ఆయన తప్పు అని ఆయన అనుకుంటుండు. నాది అని నేను అనుకుంటున్న. ఆయన ఆడనే ఉండి పని చేస్తుండు. నేను ఈడికొచ్చి మెట్ల మీద కూసున్న."

సుమన నీళ్ళ వైపు చూస్తూ నిలబడింది. పోవద్దనడానికి ఆమె దగ్గర అత్తకున్నన్ని కారణాలూ ఉన్నాయి, ఇంకొన్ని ఎక్కువే ఉన్నాయి. పెళ్ళయినప్పటి నుంచి కలిసి ఉన్న రోజులకన్నా ఫోనులో గడిచిన రోజులే ఎక్కువ. అవన్నీ చెప్తే అతను ఉండిపోతాడు. ఉండిపోయి, రోజూ పార్సిలు పార్సిలుకూ మెట్లు దిగుతాడు.

"పో," అంది. "కానీ నాకు అబద్ధం చెప్పినవంటే మాత్రం తిరిగి రాకు. గుండు తగిలినా చెప్పు, బస్తా తగిలినా చెప్పు. చాయ్ గురించి చెప్పకు."

అతను నవ్వబోయి ఆగాడు. "చెప్తా," అన్నాడు.

*

రవీంద్ర వెళ్ళే రోజు వజ్రమ్మ పొద్దున్నే లేచి దారికి రొట్టెలు చేసి, మూట కట్టి, గుమ్మం దగ్గర పెట్టింది. కొడుకుతో మాట్లాడలేదు. కాళ్ళకు మొక్కబోతే వెనక్కి జరిగింది. స్టేషనుకు కనకయ్య, సుమన, కమలాకర్ వెళ్ళారు. కనకయ్య కొడుకు తెచ్చిన టోపీ పెట్టుకున్నాడు. రైలు కదిలేటప్పుడు, "బెల్టు గట్టిగ కట్టుకో!" అని ప్లాట్‌ఫారం అంతా తిరిగి చూసేలా అరిచాడు.

అక్కడికి చేరాక రవీంద్ర మొదటిసారి విమానం ఎక్కిన రోజున సుమనకు ఫోను చేసి జరిగింది జరిగినట్టు చెప్పాడు. గంట మోగే ముందు కత్తిని రెండుసార్లు కింద పెట్టి తీశాడు. ఉస్తాదు, అంటే విమానంలో సరుకు పని చూసే పెద్దాయన, పక్కన నిలబడి భుజం మీద చెయ్యి వేశాడు. మొదటి చక్కర్‌లో కోశాడు. రెండో చక్కర్‌కు ముందు కింద మనుషులు మైదానంలో వరుస కట్టి నడుస్తుంటే, విమానం పైన గుండ్రంగా తిరుగుతూనే ఉంది. అప్పుడు కిందికి చూడాలనిపించలేదు. అయినా చూశాడు. గంట మోగింది. కోశాడు. తలుపు మూసుకున్నాక పక్కకు పోయి వాంతి చేసుకున్నాడు.

"మంచిగ చెప్పినవ్," అంది సుమన. ఫోను పెట్టేశాక చాలాసేపు కళ్ళు తుడుచుకుంటూనే లేసు కుట్టింది.

అత్తకు ఈ సంగతులన్నీ చెప్పబోతే వజ్రమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"వాడు చెప్పేది నేను ఇన. రెండేండ్లు గోదాం గోదాం అన్నోడు. ఆ సైమన్ నంబర్ ఉన్నదా నీ దగ్గర?"

"ఆయన నంబర్ నీకెందుకు అత్తమ్మా?"

"ఉన్నదా లేదా?"

సుమన నంబరు కలిపి ఇచ్చింది. మొదటిసారి కలవలేదు. వజ్రమ్మ బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి వచ్చి మళ్ళీ కలపమంది. ఈసారి సైమన్ ఎత్తాడు. వెనక మనుషుల అరుపులు, ఎవరో పాడుతున్న చప్పుడు వినబడుతున్నాయి. ఆయన రొప్పుతున్నాడు. బస్తాలు మోస్తున్నాడట.

"బేటా, నేను రవీంద్ర తల్లిని. నాకు నువ్వు చెప్పు. ఈరోజు ఎవరికన్నా దెబ్బ తగిలిందా?"

"ఎవరికీ తగల్లేదు మాజీ."

"నిజంగ?"

"నిజంగా. రెండుసార్లు నడిచి చూశాం. ఒక మేక మాత్రం అడ్డం వచ్చింది. దాన్ని పట్టుకుని బయటికి తెచ్చేదాకా విమానం పైనే తిరిగింది."

"మేక ఎవరిది?"

సైమన్ నవ్వాడు. "మా పెదనాన్నది. ఆయనకు ఊరంతా చివాట్లు పెట్టింది."

వజ్రమ్మ కాస్త సర్దుకుని కూర్చుంది. కోడలు వింటోందని తెలిసి అటు తిరిగింది.

"జొన్నలు మంచిగున్నయా? పుచ్చులు లేవు గదా?"

"బాగున్నాయి మాజీ. తెల్లవి."

"వాటిని మీరు ఎట్ల వండుకుంటరు?"

దంచి, నీళ్ళలో ఉడికించి, గట్టిగా కలియబెట్టి తింటామని సైమన్ చెప్పాడు. పాలు దొరికితే పోసుకుంటాం, ఇప్పుడు పాలు లేవు, ఆవులన్నీ పోయాయి అన్నాడు.

"అది గట్కనే గదా," అంది వజ్రమ్మ. "మా ఊర్ల మా అవ్వ అదే వండేది. మజ్జిగ లేకపోతే కొంచెం చింతపండు పిసికి పోసుకున్నా దిగుతది. చింతచెట్లు ఉన్నయా మీ దగ్గర?"

ఉన్నాయన్నాడు సైమన్. ఎండిన కాయలు రాలి కూడా ఉన్నాయన్నాడు. అయితే ఎంత చింతపండుకు ఎన్ని నీళ్ళు పోయాలో, ఉప్పు ఎప్పుడు వెయ్యాలో వజ్రమ్మ చెప్పడం మొదలుపెట్టింది. పొయ్యి మీద అన్నం పొంగుతుంటే సుమన లేచి వెళ్ళి మూత తీసింది.